తోడు వెళ్లిన మనిషి

“చూడు తమ్ముడా. ఫోన్లో చెప్తే అంతగా పట్టించుకోలేదు గదా, ఇప్పుడు నీ కండ్లతో చూడు.”

ఎలీషబా అక్క మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మొగుడి ఎడమ మడమ కింద చేయి పెట్టి కాలు పైకెత్తింది. కాలు లేచింది గానీ పాదం లేవలేదు. తడిసిన గోనెసంచి మూలలాగా కిందికి వేలాడింది.

“వేళ్లు కదిలించు,” అందామె.

గిద్యోను బావ ఊపిరి బిగబట్టాడు. మెడ మీద నరాలు తేలాయి. వేళ్లు కదల్లేదు. ఆయన పైకప్పు రేకుల వంక చూస్తూ, “చాల్లే, దించు,” అన్నాడు.

నేను బండి తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. నా భార్య హెప్సిబా నన్ను దాటుకుని పోయి వాళ్ల అన్న తల దగ్గర కూర్చుంది. మార్కాపురం నుంచి రాచర్ల దాకా దారి పొడుగునా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

“రాత్రి నించి ఒంటేలు కూడా రాలేదు బావా,” అన్నాడు శ్యాంసన్. గిద్యోను బావకు తమ్ముడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “కూచునే కాడంతా మొద్దుబారిపోయిందంట. గిల్లినా తెలీట్లేదు. నడుము నొప్పి అని పోయిన మనిషిని ఇట్ల చేసి పంపినాడు ఆ డాక్టరు. వెన్నులో సూది ఏయించుకుంటే కాళ్లు పడిపోతాయని ఊరంతా మొత్తుకున్నారు. ఇన్నామా?”

ఆ సూదికి తీసుకుపోయింది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. తీసుకుపోయింది నేనే. అది ఆ ఇంట్లో ఇంకా నా పేరున మేలు కిందే జమై ఉంది.

మార్కాపురంలో నా పలకల గోడౌనుకు గిద్యోను బావ పెట్టెలు కట్టే మేస్త్రి. రాతి పలకలను నిలువుగా నిలబెట్టి, మధ్య మధ్య గడ్డి కూరి, చెక్క పెట్టెలో సర్దడం ఆయన చేయి పడితేనే కుదిరేది. మిగతావాళ్లు సర్దితే దారిలోనే విరిగేవి. అట్లాంటి మనిషికి ఈ ఎండాకాలం మొదట్లో నడుములో డిస్కు జారి కాలి నరం మీద పడింది. పిర్ర దగ్గర మొదలై మడమ దాకా కరెంటు తీగ లాగినట్టు ఉండేది నొప్పి. మాత్రలతో లొంగలేదు. బాత్రూముకు గోడ పట్టుకుని పాక్కుంటూ పోయేవాడు. అప్పుడు నేనే ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకుపోయి, నడుములో నరం పక్కన స్టెరాయిడ్ సూది వేయించాను.

వారం తిరక్కముందే ఆయన బస్సు దిగి నడుచుకుంటూ గోడౌనుకు వచ్చాడు. ఆ ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడి, దేవుడి పేరు తర్వాత నా పేరు చెప్పాడు. నేను తల వంచుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

“హెప్సీ,” అన్నాడు బావ చెల్లెలి చేయి పట్టుకుని, నవ్వడానికి ప్రయత్నిస్తూ. “నడుస్తుంటే ఎడమ చెప్పు జారిపోతాంది రాజూ అని మీ ఆయనకు ఫోన్ చేసినా. కొత్త చెప్పులు కొనుక్కో బావా అన్నాడు. కొనుక్కున్నా. అవీ జారినాయి.”

హెప్సిబా తలెత్తి నా వైపు చూసింది.

నేను గోడకున్న క్యాలెండరు వైపు చూశాను.

“ట్రాక్టరు మాట్లాడినా,” అన్నాడు శ్యాంసన్. “మన మనుషులు బయట ఉన్నారు. మంచంతో సహా తీసకపోయి ఆ క్లినిక్కు గేటు ముందర దించుదాం. డాక్టరు బయటికొచ్చి జవాబు చెప్పేదాకా లేసేది లేదు. మాట్లాడేది మాత్రం నువ్వే బావా. బేరం నీకొచ్చినట్టు మా ఎవురికీ రాదు.”

“మీ బావ మాట్లాడితే రాయి కూడా దిగొస్తాది,” అంది ఎలీషబా అక్క మరిదితో. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆమెకు నా మీద నిజంగానే నమ్మకం.

బేరానికి కూర్చునేవాడు ముందు ఎదుటివాడి చేతిలో ఏముందో తెలుసుకోవాలి. ఆ డాక్టరు చేతిలో ఏముందో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆయన చేతిలో ఉన్నది నేనే.

మా వైపు డాక్టరు జబ్బుపడ్డ మనిషితో మాట్లాడడు, తోడు వచ్చినవాడితో మాట్లాడతాడు. జబ్బుపడ్డవాళ్లూ అదే కోరుకుంటారు. నాకేం తెలుస్తాది, నువ్వు ఇని చెప్పు అంటారు. తోడు వచ్చినవాడు కొంచెం మాట తెలిసినవాడై, చేతికి గడియారం పెట్టుకున్నవాడైతే డాక్టరు వాడికి కుర్చీ కూడా వేస్తాడు. సూది వేసిన రోజు బావను పక్క గదిలో పడుకోబెట్టి నాకు కుర్చీ వేశాడు.

“ఈ మందు నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది,” అన్నాడు డాక్టరు. “వాపు తగ్గితే నొప్పి తగ్గుతుంది. జారిన డిస్కు మాత్రం అక్కడే ఉంటుంది. నొప్పి పోయింది కదా అని బరువులెత్తితే ఇంకా జారుతుంది. నేను చెప్పేదాకా ఆయన్ని బరువు ముట్టనివ్వద్దు. కాల్లో బలం తగ్గినా, పాదం జారుతున్నా, మూత్రం ఆగినా ఒక్క పూట కూడా చూడకుండా తీసుకురావాలి. ఈ మాట ఆయనకూ ఇంట్లో వాళ్లకూ మీరే చెప్పండి.”

నేను తలూపాను. ఆ సమయంలో గోడౌనులో కృష్ణపట్నం రేవుకు పోవాల్సిన సరుకు సగం సర్ది, సగం సర్దక పడి ఉంది. ఓడ తేదీ మన కోసం జరగదు.

పక్క గదిలోకి పోయేసరికి బావ మంచం మీద లేచి కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. “ఏమన్నాడు రాజూ?” అని అడిగాడు.

“ఏం లేదు బావా. బాగవుతుందంట,” అన్నాను.

పగులున్న పలకను పెట్టె మధ్యలో దూర్చి, నికార్సైనవి పైన పేర్చడం మా వ్యాపారంలో కొత్త కాదు. పెట్టె విప్పేది ఎక్కడో దూరదేశంలో, మన మొహం తెలియనివాడు. ఈసారి ఆ పెట్టె మా బావ ఇంట్లోనే విప్పుకుంది.

పొద్దున శ్యాంసన్ ఫోన్ చేశాక, వచ్చే దారిలో కంభం దగ్గర డీజిలు కోసం ఆగి, హెప్సిబాకు వినపడకుండా దూరం పోయి ఆ డాక్టరుకు ఫోన్ చేశాను.

“నా దగ్గరికి తేవద్దు,” అన్నాడాయన. “నేరుగా ఒంగోలు తీసుకెళ్లండి. నరాల కట్ట మొత్తం నలుగుతున్నట్టుంది. స్కాన్ తీసి ఈరోజే ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ తిరిగి వచ్చే బలం తగ్గిపోతుంది. పాదం ఎప్పటినుంచి జారుతోంది?”

“నిన్నటి నుంచే సార్,” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. డాక్టరు దగ్గర దాచి నాకు వచ్చే లాభం ఏమీ లేదు. అలవాటు, అంతే.

ఇప్పుడు నా ముందున్న లెక్క ఒకటే. బావను ఎంత తొందరగా ఒంగోలు చేరిస్తే అంత మంచిది. కానీ సూది రోజు డాక్టరు చెప్పిన మాట నా నోటి నుంచి రాకుండా చేర్చాలి. దారి దొరికింది అనుకున్నాను.

“శ్యాంసన్, నా మాట విను,” అన్నాను. “వట్టి చేతులతో పోయి గేటు ముందు కూర్చుంటే ఆ డాక్టరు పోలీసులను పిలుస్తాడు. ముందు ఒంగోలు పెద్దాసుపత్రిలో స్కాన్ తీయిద్దాం. సూది వల్లే ఇట్లయిందని అక్కడి డాక్టరు రాసిస్తే, అది చేతిలో పెట్టుకుని మాట్లాడొచ్చు. సాక్ష్యం లేకుండా బేరం నిలబడదు.”

శ్యాంసన్ ఆలోచించాడు. “అదీ నిజమే,” అన్నాడు. బయటికి పోయి ట్రాక్టరు ఆపమని కేకేశాడు.

నా గుండె కొంచెం తేలికపడింది. అబద్ధంతోనే అయినా, మనిషిని ఆసుపత్రికి చేరిస్తే చాలు కదా అనుకున్నాను.

“నేను రాను,” అన్నాడు గిద్యోను బావ.

“ఏందయ్యా అట్లంటావు?” అంది ఎలీషబా అక్క.

“ఒంగోలు పోతే ఏం చేస్తారు? ఇంకో సూది పొడుస్తారు. లేకుంటే కోస్తారు. ఒక్క సూదికే కాలు పోయింది. రెండోది కూడా పోగొట్టుకుంటానా?” ఆయన గొంతు మెల్లగానే ఉంది. “నా నడుము మీద ఇంక ఏ డాక్టరు చేయి పడనీను. ఇంట్లోనే ఉంటా. ప్రార్థన చేసుకోండి. తగ్గితే తగ్గుతాది, లేకుంటే లేదు.”

“స్కాను మాత్రమే బావా. మిషన్లో పడుకోవడమే,” అన్నాను.

“నువ్వు చెప్పేది నిజమే రాజూ. నిన్ను అనడం లేదు. నువ్వు నా మంచికే తీసకపోయినావు. ఆ డాక్టరు నిన్ను కూడా మోసం చేసినాడు. మళ్లీ ఇంకోడు చేయడని ఏం నమ్మకం?”

శ్యాంసన్ బతిమాలాడు. ఎలీషబా అక్క ఏడ్చింది. ఆయన గోడవైపు తల తిప్పుకున్నాడు. నడుము కింది భాగం ఆయనతో పాటు తిరగలేదు. చేత్తో తొడను పట్టుకుని, తనది కాని వస్తువును జరిపినట్టు జరుపుకున్నాడు.

“ఒకసారి బయటికి రా,” అంది హెప్సిబా నాతో.

ఇంటి వెనక మేకల దొడ్డి. మేతకు తోలుకుపోయేవాళ్లు లేక మేకలు అరుస్తున్నాయి. హెప్సిబా దొడ్డి కంప పక్కన నిలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ మాట్లాడింది.

“పొద్దున శ్యాంసన్ ఫోన్ చేసినప్పుడు నేను నీ పక్కనే ఉన్నా. అన్న పాదం లేవట్లేదని మాత్రమే చెప్పినాడు. నువ్వు వెంటనే, ఒంటేలు వస్తాందా అని అడిగినావు.”

నేను బండి తాళాలు జేబులో వేసుకున్నాను.

“పాదానికీ ఒంటేలుకూ సంబంధం ఉందని నీకెట్ల తెలుసు?”

“ఎక్కడో విన్నాలే.”

“ఎక్కడ?”

మేకపిల్ల ఒకటి కంపలోంచి తల బయటపెట్టి ఆమె కొంగు నమలబోయింది. ఆమె దాన్ని నెట్టేసింది.

“దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చినా. డాక్టరు లోపల నీతో ఏం చెప్పినాడు?”

“డాక్టర్లు సవాలక్ష చెప్తారు హెప్సీ. అన్నీ పట్టుకుని కూర్చుంటే ఎవడూ పని చేసుకోలేడు.”

“సవాలక్షలో మా అన్న కాలు కూడా ఉందా?”

“మెల్లగా మాట్లాడు.”

“మెల్లగానే మాట్లాడుతున్నా. నేను గట్టిగా మాట్లాడితే శ్యాంసన్ నిన్ను ఇక్కడే పాతేస్తాడు.” ఆమె తలెత్తింది. కళ్లలో నీళ్లు లేవు. “అన్న ఒంగోలు ఎందుకు రానంటున్నాడు? సూది వల్ల ఇట్లయిందని. సూది వల్ల కాదని తెలిసిన మనిషివి నువ్వొక్కడివే. ఔనా కాదా?”

“స్కాన్ తీస్తే గానీ ఎవరికీ తెలీదు.”

“నేను డాక్టరును అడగట్లేదు. నిన్ను అడుగుతున్నా.”

ఆమెతో కాపురం మొదలుపెట్టినప్పటి నుంచి నేను ఆమెకు చెప్పని సంగతులు ఉన్నాయి, చెప్పి ఒప్పించిన సంగతులు ఉన్నాయి. ఎట్లా చూసినా ఈ సంగతి ఆ రెంటిలోనూ పట్టలేదు.

“చెప్తే నన్ను ఈ ఇంటి గడప తొక్కనివ్వరు,” అన్నాను.

“చెప్పకపోతే ఆయన గడప దాటలేడు.” ఆమె చీర కొంగు వేలి నుంచి విప్పుకుంది. “నువ్వు చెప్తావా, నేను చెప్పాలా? నేను చెప్తే నువ్వు దాచినావని చెప్తా. నువ్వు చెప్తే నువ్వే చెప్పినావని అయినా ఉంటాది.”

నా భార్య నా ముందు పెట్టిన బేరం అది. అంతకన్నా మంచి ధర నాకు ఎక్కడా దొరకదని తెలుసు. అయినా నా కాళ్లు వెంటనే కదల్లేదు. దొడ్డిలో ముసలి మేక నెమరు వేస్తూ నన్నే చూస్తున్నది.

లోపలికి పోయేసరికి ఎలీషబా అక్క మొగుడి పాదానికి కొబ్బరినూనె రాస్తున్నది. వేలు వేలుకూ విడివిడిగా రాస్తున్నది. నేను మంచం కాళ్లవైపు నిలబడ్డాను.

“బావా,” అన్నాను. “సూది తప్పు కాదు.”

గిద్యోను బావ గోడ వైపు నుంచి తల తిప్పాడు.

“ఏంది?” అన్నాడు శ్యాంసన్.

“సూది నొప్పిని అణుస్తుంది, డిస్కును అతకదు అని డాక్టరు ఆ రోజే చెప్పినాడు. నొప్పి పోయినా బరువులు ఎత్తకూడదన్నాడు. తాను చెప్పేదాకా ముట్టనివ్వద్దన్నాడు. మీకు చెప్పమని నాతో అన్నాడు.” నేను మంచం కోడు పట్టుకున్నాను. “నేను చెప్పలేదు.”

నూనె రాస్తున్న చేయి ఆగింది.

“మర్చిపోయినావా తమ్ముడా?” అంది ఎలీషబా అక్క. ఆమె నాకు దారి ఇస్తున్నది. మర్చిపోయానని అంటే ఆమె నమ్మేది. ఆమె మొహంలో ఆ నమ్మకం సిద్ధంగా ఉంది.

“లేదక్కా. గుర్తుంది.”

శ్యాంసన్ రెండడుగుల్లో వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. పై గుండీ తెగి ఎక్కడో పడింది. వాడు నన్ను కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

“వదులు,” అన్నాడు గిద్యోను బావ.

“అన్నా...”

“వదలమన్నా కదా.”

శ్యాంసన్ వదిలాడు. బావ నన్ను చాలాసేపు చూశాడు. గోడౌనులో పలకను చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో కొట్టి చూసేటప్పుడు ఉండే చూపు అది.

“కంటైనరుకు పెట్టెలు ఎక్కించిన రోజు చివరి వరసలో పెట్టె ఇరుక్కుంటే నేను దూరి భుజం పెట్టి నెట్టినా,” అన్నాడు. “నువ్వు షెడ్డు కాడ నిలబడి చూస్తా ఉన్నావు. శభాష్ బావా అన్నావు కూడా. ఆ పొద్దు కూడా నీకు డాక్టరు మాట గుర్తుందా రాజూ?”

“ఉంది బావా.”

బయట ట్రాక్టరువాడు ఇంజను ఆపి ఎవరితోనో బీడీ అడుగుతున్నాడు. ఆ మాటలు కూడా స్పష్టంగా వినిపించాయి.

“చెప్పు జారుతాందని ఆయన ఫోన్ చేసినప్పుడు?” ఎలీషబా అక్క నా వైపు చూడకుండా అడిగింది. “దాన్ని గురించి కూడా డాక్టరు ఏమన్నా చెప్పినాడా?”

నేను తలూపాను. ఆమె చూడలేదు కాబట్టి నోటితో చెప్పాల్సి వచ్చింది. “చెప్పినాడక్కా. వెంటనే రావాలన్నాడు.”

ఆమె నూనె చేతిని చీరకు తుడుచుకుంది. “పొయ్యి కాడికి నీళ్ల బిందె కూడా నేను ఆయనతో ఎత్తించను,” అంది. ఎవరితో అన్నదో తెలియదు. “ఒక్క మాట చెప్పి ఉంటే ఇంట్లో పెట్టి తాళం వేసుకునేదాన్ని.”

“బండెక్కించండి నన్ను,” అన్నాడు గిద్యోను బావ.

శ్యాంసన్ అర్థంకానట్టు చూశాడు.

“సూది కాదని తెలిసింది గదా. ఇంక సూదికి భయపడేదేముంది? మనిషి చేసిన పనే గదా.” ఆయన మోచేతుల మీద లేవబోయి మళ్లీ పడుకున్నాడు. “ఎక్కించండి.”

బొలెరోలో వెనక సీటు వాల్చి పరుపు వేశాం. నలుగురం దుప్పటి నాలుగు మూలలు పట్టుకుని ఎత్తాం. నేను కాళ్ల వైపు మూల పట్టుకున్నాను. ఎలీషబా అక్క వచ్చి ఆ మూల నా చేతిలోంచి తీసుకుంది.

బండి మాత్రం నేనే తోలాను. ఆ రోడ్డు నాకు తెలిసినట్టు శ్యాంసన్‌కు తెలియదు. ముందు సీట్లో హెప్సిబా, వెనక మొగుడి తల ఒడిలో పెట్టుకుని ఎలీషబా అక్క, కాళ్ల దగ్గర శ్యాంసన్. గుంత వచ్చినప్పుడల్లా నేను బండిని నెమ్మది చేసి అద్దంలోకి చూశాను.

“నెమ్మదిగా పోవద్దు,” అన్నాడు బావ. “నాకేం నొప్పి లేదు.”

ఎండాకాలంలో ఆ మాట కోసమే సూది వేయించాం. ఇప్పుడు ఆ మాటకు ఎలీషబా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మార్కాపురంలో మా గోడౌను ముందునుంచే దారి. గేటు తెరిచి ఉంది. కొత్త పెట్టెలకు కోసిన చెక్కలు వరండాలో ఆరబెట్టి ఉన్నాయి. కూలీలు నా బండిని గుర్తుపట్టి చేయెత్తారు. నేను ఆపలేదు.

“ఆ పెట్టెలు చేరినాయా రాజూ?” అని అడిగాడు బావ పడుకునే.

“చేరినాయి బావా.”

“ఏమన్నా పగిలినాయంటనా?”

“లేదు. ఒక్కటి కూడా పగల్లేదంట.”

“అయితే నేనొక్కన్నే పగిలింది,” అని నవ్వాడు.

బండిలో ఇంకెవరూ నవ్వలేదు. అట్లాగే పొదిలి దాటాం.

ఒంగోలు ఆసుపత్రిలో వాళ్లు ఆలస్యం చేయలేదు. గొట్టం వేసి ఒంటేలు తీశారు. ఎంత వచ్చిందో చూసి నర్సు మొహం మార్చుకుని ఎవరికో ఫోన్ చేసింది. స్కానుకు తీసుకుపోయి, తిరిగి తెచ్చి, స్ట్రెచరు మీదే ఒక గది ముందు ఆపారు. ఒక లేడీ డాక్టరు ఫిలిం పట్టుకుని బయటికి వచ్చింది. వయసు తక్కువే గానీ మాట గట్టిది.

“పేషెంటు తరఫున ఎవరు? ఒక్కరు లోపలికి రండి. మాట్లాడాలి.”

నా కాళ్లు వాటంతటవే కదిలాయి. చొక్కాకు పై గుండీ లేదని గుర్తొచ్చి చేత్తో కాలరు సర్దుకుంటూ ముందుకు పోయాను. డాక్టరు కూడా నన్నే చూసి తలుపు తెరిచి పట్టుకుంది.

“ఆయన కాదమ్మా,” అన్నాడు గిద్యోను బావ స్ట్రెచరు మీద నుంచి.

నేను ఆగిపోయాను.

“మా ఆమె వస్తాది.”

డాక్టరు ఎలీషబా అక్కను చూసింది. అరిగిన చెప్పులు, నూనె మరకల చీర, చెదిరిన జుట్టు. “కొంచెం వివరంగా చెప్పాల్సినవి ఉన్నాయి. చదువుకున్నవాళ్లు ఎవరైనా...”

“ఆమెకు అర్థమైనంత చాలు. ఆ అర్థమైనంతా నాకు చెప్తాది.”

ఎలీషబా అక్క తల మీద కొంగు కప్పుకుంది. ఆమె ఎప్పుడూ ఏ డాక్టరుతోనూ ఎదురుగా కూర్చుని మాట్లాడలేదు. నేను ఉండబట్టలేక, “అక్కా, కాలికి బలం మళ్లీ వస్తుందా అని అడుగు. ఒంటేలు సంగతి అడుగు. ఆపరేషన్ అయితే...” అన్నాను.

“నువ్వు ఊరకుండు తమ్ముడా,” అంది ఆమె. తలుపు మూసుకుంది.

నేను బల్ల మీద కూర్చున్నాను. హెప్సిబా అన్న స్ట్రెచరు పక్కన నిలబడింది. శ్యాంసన్ తలుపుకు ఎదురుగా గోడకు ఆనుకున్నాడు. తలుపుకు పైన గాజు ఉంది. అందులోంచి లైటు వెలుతురు, డాక్టరు చేయి పైకీ కిందికీ కదలడం కనిపించాయి. మాట మాత్రం ఒక్కటి కూడా బయటికి రాలేదు. నేను చెవులు రిక్కించాను. సంతలో ఎంత గోలలోనైనా ఎదుటివాడి గుసగుస పట్టగలిగే చెవులు ఇవి. ఏమీ వినపడలేదు.

లోపల ఉన్న మనిషి ఏం వింటున్నదో బయట ఉన్నవాడికి తెలిసే దారి ఒకటే. ఆమె బయటికి వచ్చి చెప్పాలి. ఎంత చెప్తే అంత.

డాక్టరు చేయి గాజు వెనక ఒకచోట ఆగింది. చాలాసేపు కదల్లేదు.

తలుపు తెరుచుకుంది. ఎలీషబా అక్క ముందు మొగుడి దగ్గరికి పోయింది. వంగి ఆయన చెవిలో చెప్పింది. చాలా సేపు చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి ఆమెను చూశాడు. మళ్లీ మూసుకుని తలూపాడు. ఇద్దరు మనుషులు వచ్చి స్ట్రెచరు తోసుకుంటూ లిఫ్టు వైపు పోయారు. హెప్సిబా వాళ్ల వెంట పరుగెత్తింది.

“ఏమన్నారు వదినా?” అని శ్యాంసన్ అడిగాడు.

ఆమె శ్యాంసన్‌ను చూడలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. పొద్దున మంచం పక్కన ఉన్న నమ్మకం ఆ మొహంలో లేదు. కోపమూ లేదు.

“ఏం లేదు తమ్ముడా,” అంది. “బాగవుతుందంట.”

ఆ రెండు మాటలూ నేను గుర్తుపట్టాను. సూది రోజు బావకు నేను చెప్పినవే. వరస కూడా మారలేదు.

“అక్కా,” అన్నాను. అడిగే హక్కు ఉన్న మాట ఒక్కటీ దొరకలేదు.

ఆమె లిఫ్టు వైపు నడిచింది. నడుస్తూ కొంగుతో ఎడమ బొటనవేలు తుడుచుకుంటున్నది. ఆపరేషన్ కాగితం మీద ముద్ర వేసిన వేలికి నీలం సిరా దట్టంగా అంటి ఉంది. ఎంత తుడిచినా పోవడం లేదు.